తీగలో తడబడిన మాటకు తీరు నేర్పినవాడు – ఆలివర్ హెవీసైడ్

మా ఊళ్లో పంటకాలువ తూము తెరిచిన సంగతి చివరి చేలవాళ్లకి తెలియాలంటే పూటన్నర పడుతుంది. తూము దగ్గర నీళ్లు ఒక్కసారిగా ఉరుకుతాయి. చివరి చేను దగ్గరకొచ్చేసరికి ముందు కాస్త తడి, తర్వాత సన్నటి జాలు, ఆ తర్వాతే నిండు పారకం. తూము మూసినా అంతే. నీళ్లు టక్కున ఆగవు, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ ఆగుతాయి. తూము దగ్గర కూర్చున్నవాడు మాటిమాటికీ తెరిచి మూస్తూ ఏదో సైగ చేయబోయాడనుకోండి, చివర ఉన్నవాడికి ఆ సైగలన్నీ కలిసిపోయి ఒకే పారకంగా కనిపిస్తాయి. ఎప్పుడు తెరిచాడో, ఎప్పుడు మూశాడో చెప్పలేడు.

సరిగ్గా ఇదే ఇబ్బంది పందొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫు కేబుళ్లలో వచ్చింది. ఇదే ఇబ్బంది ఇవాళ గాజు తంతువులో వెలుతురు ద్వారా సంకేతాలు పంపే ఆప్టికల్ ఫైబర్‌లోనూ ఉంది. పంపిన రూపం ఒకటి, అందిన రూపం ఇంకొకటి. పాఠ్యపుస్తకాల భాషలో దీన్నే సంకేత విరూపణం అంటాం. దీనికి మందు ఎక్కడుందో లెక్క కట్టి చూపించినవాడు ఏ విశ్వవిద్యాలయం గడపా తొక్కనివాడు, చెవులు సరిగా వినపడనివాడు, ఇరవై నాలుగో ఏట ఉద్యోగం వదిలేసి మళ్లీ జన్మలో జీతం ముఖం చూడనివాడు. ఆయనే ఆలివర్ హెవీసైడ్. ఇంపెడెన్స్, ఇండక్టెన్స్ అంటూ ల్యాబులో మనం రోజూ పలికే మాటలు ఆయన పెట్టినవే. పేరు అందరికీ తెలుసు. మనిషి కథ మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

చదువు ఆగినా నేర్చుకోవడం ఆగలేదు

హెవీసైడ్ 1850 మే 18న లండన్‌లోని కామ్డెన్ టౌన్‌లో పుట్టాడు. తండ్రి థామస్ అచ్చు కోసం చెక్కదిమ్మల మీద బొమ్మలు చెక్కే పనివాడు. నలుగురు అన్నదమ్ముల్లో ఆలివర్ ఆఖరివాడు. ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. దానికి తోడు చిన్నతనంలో స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడి దెబ్బతింది. తోటిపిల్లలు ఏమంటున్నారో వినపడదు. వాళ్ల ఆటల్లో కలవలేడు. ఆ ఒంటరితనం ఆయన్ని జన్మంతా వదల్లేదు.

పదహారో ఏట స్కూలు చదువు ముగిసింది. తల్లి తోబుట్టువు భర్త చార్లెస్ వీట్‌స్టన్. మనం ప్రాక్టికల్స్‌లో తంటాలుపడే వీట్‌స్టన్ బ్రిడ్జి ఆయన పేరనే ఉంది. ఆ బంధుత్వం వల్ల కుర్రవాడి చూపు టెలిగ్రాఫు వైపు తిరిగింది. ఇంట్లోనే కూర్చుని మోర్స్ సంకేతాలూ, విద్యుచ్ఛాస్త్రమూ, పరాయి భాషలూ నేర్చుకున్నాడు. 1868లో డెన్మార్క్ వెళ్లి టెలిగ్రాఫు ఆపరేటరుగా చేరాడు. తర్వాత అదే కేబులుకు ఇంగ్లండు కొస అయిన న్యూకాజిల్‌కు వచ్చి పనిచేశాడు.

పని చేస్తూ చేస్తూ ఒక విచిత్రం గమనించాడు. ఉత్తర సముద్రం కింద వేసిన ఆ కేబులులో సంకేతాలు ఒక దిక్కున పోయినంత వేగంగా రెండో దిక్కున పోవడం లేదు. కేబులు ఒకటే, తీగ ఒకటే, మరి ఈ తేడా ఎందుకు? మిగతా ఆపరేటర్లు దాన్ని కేబులు గుణం అనుకుని సరిపెట్టుకున్నారు. ఈయన కారణం వెతకడం మొదలుపెట్టాడు. 1873లో వీట్‌స్టన్ బ్రిడ్జి మీద ఆయన రాసిన వ్యాసం ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయి, విలియం థామ్సన్, జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ వంటి దిగ్దంతుల కంట పడింది. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు.

అదే ఏడాది మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత గ్రంథం వెలువడింది. హెవీసైడ్ దాన్ని తిరగేశాడు. చాలా భాగం అర్థం కాలేదు. స్కూల్లో నేర్చిన ఆల్జీబ్రా, త్రికోణమితి దానికి ఏమూలకీ చాలలేదు. కానీ అందులో ఏదో గొప్ప విషయం ఉందని మాత్రం పట్టుకున్నాడు. 1874లో ఉద్యోగం మానేసి లండన్‌లో తల్లిదండ్రుల దగ్గరకొచ్చి, గది తలుపులు వేసుకుని, ఏళ్ల తరబడి ఆ పుస్తకాన్నే సాధన చేశాడు. మన ఇళ్లలో ఇరవై నాలుగేళ్ల కొడుకు ఈ పని చేస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. పోస్టాఫీసు టెలిగ్రాఫు శాఖలో ఇంజనీరుగా ఉన్న అన్న ఆర్థర్ మాత్రం తమ్ముణ్ణి వెనకేసుకొచ్చాడు. తీగల్లో తనకెదురైన చిక్కులన్నీ తెచ్చి తమ్ముడి ముందు పెట్టేవాడు.

గట్టిగా అరిస్తే వినపడుతుందా?

ఆ చిక్కు ఎంత పెద్దదో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి కేబులు వేశారు. విక్టోరియా మహారాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన సందేశం 98 మాటలు. అది అవతలికి చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. ఒక చుక్క వెనక ఇంకో చుక్క పంపితే రెండూ కలిసిపోయి అవతల మసకగా అందేవి. కేబులు బాధ్యత చూస్తున్న వైట్‌హౌస్ అనే పెద్దమనిషి దీనికి విరుగుడు బలం పెంచడమే అనుకున్నాడు. సుమారు 2,000 వోల్టుల దాకా ఎక్కించాడు. అసలే అంతంతమాత్రంగా ఉన్న కేబులు కొద్ది వారాల్లోనే పూర్తిగా మూగబోయింది.

అంతకు ముందే, 1855లో, థామ్సన్ దీనికో లెక్క చెప్పాడు. ఇనుప కడ్డీ ఒక కొసను వేడిచేస్తే ఆ వేడి రెండో కొసకు ఎలా పాకుతుందో, కేబులులో విద్యుత్తు కూడా అలాగే పాకుతుందన్నాడు. తీగ నిరోధం, దాని కెపాసిటెన్స్, ఈ రెండే ఆయన లెక్కలోకి తీసుకున్నవి. దాని ప్రకారం కేబులు పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగింతలవుతుంది. నిదానంగా నడిచే టెలిగ్రాఫుకు ఈ లెక్క చాలావరకు సరిపోయింది. టెలిఫోను వచ్చాక చాలలేదు. మనిషి గొంతులో సన్నటి ధ్వనులూ ఉంటాయి, బొంగురు ధ్వనులూ ఉంటాయి. తీగలో హెచ్చు పౌనఃపున్యాలు ముందుగా పరుగెత్తుతాయి, కానీ ఎక్కువ అరిగిపోతాయి. తక్కువ పౌనఃపున్యాలు వెనకబడతాయి, కానీ బతికి బయటపడతాయి. అవతల వినేవాడికి మాట ముద్దముద్దగా అందుతుంది.

హెవీసైడ్ 1876లో ఈ లెక్కలోకి మూడో మనిషిని తెచ్చాడు. అదే స్వయంప్రేరణ, అంటే ఇండక్టెన్స్. బరువెక్కిన ఎడ్లబండి కదలడానికి మొరాయిస్తుంది. కదిలాక ఆగడానికీ మొరాయిస్తుంది. తీగలో కరెంటుకు ఆ గుణం ఇచ్చేది ఇండక్టెన్స్. అది లెక్కలోకి రాగానే విద్యుత్తు పాకడం మాని అలలా ప్రయాణించడం మొదలుపెట్టింది. ఇవాళ మనం టెలిగ్రాఫు సమీకరణాలు అని చదివేవి అవే. 1885 నాటికి మాక్స్‌వెల్ గ్రంథంలోని ఇరవై సమీకరణాలను సదిశల రూపంలో నాలుగింటికి కుదించాడు. మనం మాక్స్‌వెల్ సమీకరణాలు అని పరీక్షల్లో రాసేవి నిజానికి హెవీసైడ్ చేతిమీదుగా వచ్చిన రూపమే.

1887లో అసలు విషయం బయటపడింది. అల తీగ వెంట పోతున్నప్పుడు దాని శక్తిలో సగం అయస్కాంత క్షేత్రంలో, సగం విద్యుత్ క్షేత్రంలో ఉంటుంది. తీగ నిరోధం అయస్కాంత భాగాన్ని తింటుంది. తీగ తొడుగులోంచి జరిగే లీకేజి విద్యుత్ భాగాన్ని తింటుంది. మామూలు కేబులులో నిరోధం ఎక్కువ, లీకేజి తక్కువ. ఒక పక్క ఎక్కువ కోత, ఒక పక్క తక్కువ కోత. అందువల్లే అల వంకర తిరుగుతుంది. రెండు పక్కలా కోత ఒకే నిష్పత్తిలో పడితే? అప్పుడు అల పలచబడుతుంది గానీ రూపం చెడదు. నిరోధాన్ని ఇండక్టెన్స్‌తో భాగిస్తే వచ్చేదీ, లీకేజి వాహకత్వాన్ని కెపాసిటెన్స్‌తో భాగిస్తే వచ్చేదీ సమానమైతే చాలు. అన్ని పౌనఃపున్యాలూ ఒకే వేగంతో, ఒకే అరుగుదలతో ప్రయాణిస్తాయి. ఇదే విరూపణం లేని తీగ నియమం.

అంటే ఏమిటన్నమాట? తీగకు చేటనుకున్న ఇండక్టెన్స్‌ను తగ్గించడం కాదు, పెంచాలి. కాలువగట్టుకు గండి పడితే సంతోషించమన్నట్టుగా, లీకేజి కూడా కొంత ఉంటే మేలేనని తేలింది. వినడానికి విడ్డూరమే. కానీ లెక్క అబద్ధం చెప్పదు.

వినని చెవులు

ఈ నియమాన్ని నెత్తిన పెట్టుకోవలసిన వాళ్లే తలుపు మూశారు. బ్రిటిష్ పోస్టాఫీసు టెలిగ్రాఫు శాఖలో పెద్ద ఇంజనీరు విలియం హెన్రీ ప్రీస్ అనుభవం ముందు గణితం ఎందుకూ కొరగాదని నమ్మినవాడు. స్వయంప్రేరణ టెలిఫోనుకు శత్రువని ఆయన సిద్ధాంతం. అన్నదమ్ములిద్దరూ కలిసి టెలిఫోను మీద రాసిన వ్యాసం 1887లో ఆర్థర్‌కు పై అధికారి అయిన ప్రీస్ దగ్గరే ఆగిపోయింది. హెవీసైడ్ వ్యాసాలు వరుసగా వేస్తున్న ఎలక్ట్రీషియన్ పత్రికలో అదే ఏడాది సంపాదకుడు మారాడు. చదివేవాళ్లు లేరన్న కారణంతో ఆ వరుసా ఆగింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. హెవీసైడ్ రాత కూడా సులువైనది కాదు. మధ్యలో మెట్లు వదిలేసి గెంతుతాడు. ఎదుటివాణ్ణి ఎత్తిపొడవడంలో మహా దిట్ట. అర్థమయ్యేలా రాయవయ్యా అని మిత్రులు మొత్తుకున్నా వినలేదు. చెవులు వినపడనిది ఆయనకే అయినా, వినిపించుకోనితనం రెండు పక్కలా ఉంది.

అయినా నిజం దాగలేదు. 1888లో జర్మనీలో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగం చేసి చూపించాడు. దాంతో మాక్స్‌వెల్‌ను నమ్ముకున్నవాళ్లకు బలం వచ్చింది. ఆలివర్ లాడ్జ్ హెవీసైడ్ పక్షాన నిలిచాడు. 1889లో థామ్సన్ అంతటివాడు విద్యుత్ ఇంజనీర్ల సభలో అధ్యక్షస్థానం నుంచి హెవీసైడ్ పనిని మెచ్చుకున్నాడు. 1891లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది.

పేరు వచ్చింది గానీ డబ్బు రాలేదు. తీగ పొడవునా అక్కడక్కడా కాయిల్స్ బిగిస్తే ఇండక్టెన్స్ పెరుగుతుందని ఆయన 1893 నాటి పుస్తకంలో అచ్చువేశాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. అమెరికాలో జార్జ్ క్యాంబెల్, మైకేల్ ప్యూపిన్ విడివిడిగా ఆ కాయిల్స్‌ను ఆచరణలోకి తెచ్చారు. 1900లో పేటెంటు ప్యూపిన్‌కు దక్కింది. ఏటీ అండ్ టీ కంపెనీ దాన్ని లక్షల డాలర్లకు కొన్నది. 1915లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మాట నడిచినప్పుడు ఆ తీగలో అవే కాయిల్స్ ఉన్నాయి. హెవీసైడ్‌కు అందులో దమ్మిడీ ముట్టలేదు.

1894లో రాయల్ సొసైటీ సహాయనిధి నుంచి ధనం ఇవ్వజూపితే దానం పుచ్చుకోనన్నాడు. 1896లో మిత్రులు బతిమాలి, ప్రభుత్వం ఏడాదికిచ్చే 120 పౌన్ల గౌరవ వేతనానికి ఒప్పించారు. 1894లో తల్లి, 1896లో తండ్రి పోయారు. ఆ తర్వాత డెవన్ ప్రాంతంలో దాదాపు ఒంటరిగానే బతికాడు. 1902లో, ఆకాశంలో విద్యుత్ వాహక పొర ఒకటి ఉండి రేడియో తరంగాలను భూమి వంపు వెంట తిప్పుతుండవచ్చని రాశాడు. 1924లో ఆపిల్టన్ ప్రయోగం అది నిజమని తేల్చింది. 1922లో విద్యుత్ ఇంజనీర్ల సంస్థ తన మొట్టమొదటి ఫారడే పతకం ఆయనకే ఇచ్చింది. నిచ్చెన మీంచి పడి దెబ్బతిని, 1925 ఫిబ్రవరి 3న టార్కీలో కన్నుమూశాడు. పెయిన్‌టన్‌లో తల్లిదండ్రుల పక్కనే ఆయన సమాధి ఉంది.

గాజు తీగలో పాత కథే

ఇక మన కాలానికి వద్దాం. రాగితీగ పోయి గాజు తంతువు వచ్చింది. ఇందులో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి కిలోమీటరుకు 0.2 డెసిబెల్ మాత్రమే అరుగుతుంది. అంటే 100 కిలోమీటర్లు పోయాక కూడా నూరోవంతు మిగులుతుంది. ఆ మిగిలిన దాన్ని ఆంప్లిఫయర్‌తో మళ్లీ పెంచుకోవచ్చు. అయితే రూపం సంగతేమిటి? కాంతి స్పందనంలో ఒకే తరంగదైర్ఘ్యం ఉండదు, సన్నని పట్టీ ఉంటుంది. అందులో ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో వేగంతో పోతుంది. దీన్నే విక్షేపణం అంటాం. మామూలు ఫైబర్‌లో ఒక నానోమీటరు పట్టీ ఒక కిలోమీటరు పోయేసరికి 17 పికోసెకన్లు చెదురుతుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. సెకనుకు 10 గిగాబిట్లు పంపితే ఒక్కో బిట్టుకు దక్కేది 100 పికోసెకన్లు. దాని పట్టీ వెడల్పు దగ్గర దగ్గర 0.1 నానోమీటరు. కిలోమీటరుకు 1.7 పికోసెకన్ల చొప్పున 60 కిలోమీటర్లు పోయేసరికి ఒక బిట్టు పక్క బిట్టు మీద పూర్తిగా పడుతుంది. వేగం 40 గిగాబిట్లకు పెంచితే బిట్టు నాలుగోవంతుకు కుదించుకుపోతుంది, పట్టీ నాలుగింతలవుతుంది. అంటే 60 కిలోమీటర్లు కాస్తా దాదాపు నాలుగుకు పడిపోతాయి. అట్లాంటిక్ కేబులులో పొడవుకు వర్గం ఉంటే, ఇక్కడ వేగానికి వర్గం. అంతే తేడా.

పోనీ కాంతి బలం పెంచుదామా? వైట్‌హౌస్ చేసిన తప్పే అవుతుంది. స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు జాన్ కెర్ 1875లో కనిపెట్టిన ప్రభావం ఇక్కడ అడ్డుపడుతుంది. కాంతి తీవ్రత పెరిగితే గాజు వక్రీభవన గుణకమే మారి, కొత్త రకం విరూపణం పుట్టుకొస్తుంది.

మరి మందు? మళ్లీ తూకమే. కాంతిని ఒక వైపు చెదరగొట్టే ఫైబర్ తర్వాత, దానికి ఎదురు వైపు చెదరగొట్టే ఫైబర్ ముక్క కలుపుతారు. 1973లో హసెగావా, టాపర్ట్ ఇంకో అడుగు ముందుకేశారు. కెర్ ప్రభావాన్నీ విక్షేపణాన్నీ సరిగ్గా తూచితే, రెండు చెడులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని స్పందనం రూపం మారకుండా పోతుందని చూపారు. దాన్నే సాలిటాన్ అంటారు. 1980లో ప్రయోగంలోనూ అది కనిపించింది.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది తరంగదైర్ఘ్య మార్పిడి. సంకేతంతో పాటు బలమైన మరో కాంతిని, పంపు అంటారు, ఫైబర్‌లోకి పంపితే, కెర్ ప్రభావం వల్ల ఆ రెండూ కలిసి కొత్త కాంతిని పుట్టిస్తాయి. దాని పౌనఃపున్యం పంపు పౌనఃపున్యానికి రెట్టింపులోంచి సంకేతం పౌనఃపున్యం తీసేసినంత. ఈ తీసివేతలో ఉంది గమ్మత్తంతా. ఎక్కువ పౌనఃపున్యం తక్కువగా, తక్కువది ఎక్కువగా తిరగబడుతుంది. అద్దంలో బొమ్మలాగన్నమాట. పరుగుపందెం సగంలో ముందున్నవాడి కాళ్లు వెనకవాడికీ, వెనకవాడి కాళ్లు ముందున్నవాడికీ తగిలిస్తే చివరికి ఇద్దరూ ఒకేసారి చేరతారు కదా! అలాగే దారి మధ్యలో ఈ మార్పిడి చేస్తే, మొదటి సగం చెదరగొట్టినదాన్ని రెండో సగమే కుదురుస్తుంది. 1979లో యారివ్, ఫెకెటె, పెప్పర్ ఈ ఉపాయం ప్రతిపాదించారు. ఇవాళ చాలా చోట్ల ఆ సవరణను అవతలి కొసన కంప్యూటర్ చిప్పులే లెక్క కట్టి చేస్తున్నాయి. ఏ పద్ధతిలోనైనా సూత్రం ఒకటే: వంకరను బలంతో గెలవలేం, దానికి ఎదురు వంకర వెతికి తూచాలి.

ఇందులో కాయిల్స్ లేవు, పాత నియమం అక్షరాలా ఇక్కడికి రాదు. కానీ ఆ చూపు హెవీసైడ్‌దే. గాజులో పోయే కాంతిని లెక్కించడానికి మనం మొదలుపెట్టేదీ ఆయన తీర్చి ఇచ్చిన ఆ నాలుగు సమీకరణాలతోనే.

చివరిగా ఒక్క మాట

మా అన్నయ్య పదో తరగతితో చదువు ఆపేశాడు. నాన్నకు చేయి ఆసరా కావాల్సి వచ్చింది; ఒకడే చదవాలన్నప్పుడు నన్ను పంపారు. ఆయన ఇప్పుడు వ్యవసాయపు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. సెలవులకు వెళ్లినప్పుడు ఈ కథ చెప్పాను. తీగకు కాయిల్ బిగిస్తే మాట తేటపడిందంటే ఆయన నవ్వలేదు. చేతిలో రాగితీగ పట్టుకునే, కాయిల్‌లో చుట్లు ఎక్కువైతే ఏమవుతుందని అడిగాడు. చుట్లకోసం వాడే తీగ నిరోధం కూడా పెరుగుతుంది కాబట్టి కొంత దూరం పోయాక లాభం తగ్గుతుందని నాకు తట్టడానికి రెండు రోజులు పట్టింది. క్యాంబెల్ కాయిల్స్‌ను ఎంత దూరానికొకటి బిగించాలో లెక్క కట్టిన ప్రశ్నకు అది పక్కింటి ప్రశ్నే. ఆ ప్రశ్న మూడేళ్లుగా కాలేజీలో చదువుతున్న నాకు రాలేదు.

మిత్రులారా, పట్టా విలువైనదే. అది రావడానికి మా ఇంట్లో ఏమేం అమ్మారో నాకు తెలుసు. కానీ పట్టా లేనివాడి నోటివెంట వచ్చింది కాబట్టి లెక్క తప్పనుకుంటే మనమూ ప్రీస్ పక్కన చేరతాం. చెప్పేవాడు ఎవడన్నది కాకుండా చెప్పినది సరిపోతుందా లేదా అని చూడటమే మనం నేర్చుకుంటున్న సైన్సు. అలాగే, మనకు తెలిసింది ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పడం కూడా మన బాధ్యతే. ఆ రెండో పని హెవీసైడ్ చేయలేకపోయాడు. ఆయన చేయలేకపోయిన ఆ పనైనా మనం చేద్దాం.

– తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి